ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకవుతోందా? విప్పడం నుంచి బిగించడం దాకా పూర్తి పని

బండి కాస్త దూరం నడిపి ఆపగానే బానెట్ సందుల్లోంచి మాడిన నూనె వాసన వస్తుంది. హీటర్ వేస్తే ఒక్కోసారి ఆ వాసన లోపలికీ కొడుతుంది. బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీంచి సన్నటి పొగ, ఇంజిన్ పక్కన నల్లటి జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్ము. పాతబడ్డ బండ్లలో దీనికి చాలాసార్లు కారణం ఇంజిన్ నెత్తిన ఉండే మూత కింది రబ్బరే. కంపెనీ మాన్యువల్‌లో దాన్ని వాల్వ్ కవర్ గాస్కెట్ అనో, హెడ్ కవర్ గాస్కెట్ అనో రాస్తారు. షెడ్డులో మాత్రం ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అంటారు. ఇక్కడ నేనూ ఆ పేరే వాడతాను.

నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ అయితే మొదటిసారి చేసేవాళ్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది. చెయ్యి తిరిగాక గంటన్నర, రెండు గంటలు చాలు. ఇందులో విప్పడం, బిగించడం కలిపినా సగం పని కాదు. మిగతాదంతా తుడవడమే. తుడవడంలో బద్ధకిస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. నేను మొట్టమొదట మార్చిన ప్యాకింగ్ మూడు వారాలకే మళ్లీ చెమర్చింది. ప్యాకింగ్‌లో లోపమేమీ లేదు. టైమింగ్ చైను మీది మూత, అంటే టైమింగ్ కవర్, మూలలో గట్టిపడిన పాత సిలికాన్ గోరంత ముక్క వదిలేశాను, అంతే.

డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఇక్కడే ఒక మాట. కామన్ రైల్ ఇంజిన్లలో చాలావాటికి ఇంజెక్టర్లు ఈ కవర్ మధ్యలోంచే కిందికి దిగుతాయి. వాటి పైపుల్లో డీజిల్ 1000 బార్లకు పైబడిన ఒత్తిడితో నడుస్తుంది. ఆ పైపుల్లో కొన్ని ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడనివి. ఇంజెక్టర్లు కదపకుండా కవర్ రాని ఇంజిన్ అయితే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు.

ఆ మూత కింద ఏం జరుగుతుంది

కవర్ కింద వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు, వాల్వు స్ప్రింగులు, చాలా ఇంజిన్లలో టైమింగ్ చైను పైభాగం ఉంటాయి. పంపు నుంచి వచ్చిన నూనె క్యామ్ బేరింగుల వరకు ఒత్తిడితోనే వస్తుంది. అక్కడి నుంచి బయటపడ్డాక ఇక ఒత్తిడి ఉండదు. జల్లులా చిమ్మి, కవర్ లోపలి గోడలకు తగిలి, హెడ్‌లోని కంతల గుండా కింద ఉన్న ఆయిల్ ఛాంబర్‌లోకి జారిపోతుంది. అంటే ఈ ప్యాకింగ్ ఆపాల్సింది చిమ్మే నూనెను, ఆవిరిని. హెడ్ గాస్కెట్‌లా సిలిండర్‌లో మండే గ్యాసు ఒత్తిడిని కాదు. బోల్టులు బిగించే దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. బలం పెట్టాలన్న యావ దానంతట అదే తగ్గుతుంది.

మరి ఎందుకు కారుతుంది? మొదటి కారణం వేడి. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి రబ్బరు మెత్తదనం పోగొట్టుకుంటుంది. తీసిన ప్యాకింగ్‌ను వేళ్లతో వంచితే పుటుక్కున విరిగిందంటే దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయిందన్నమాట. బాగా పాత ఇంజిన్లలో బెండు ప్యాకింగులు ఉండేవి. అవి ఎండి కుంచించుకుపోయేవి.

రెండో కారణం మనుషులే. లీకు కనిపించగానే ఎవరో ఒకరు బోల్టులు ఇంకాస్త బిగిస్తారు. రేకు కవర్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర గుంటపడి, రెండు బోల్టుల నడుమ అంచు పైకి లేస్తుంది. ప్లాస్టిక్ కవర్ అయితే వంగుతుంది, లేదా పగులుతుంది. గట్టిపడ్డ రబ్బరును ఎంత నొక్కినా మళ్లీ మెత్తబడదు కదా.

మూడోది పీసీవీ వాల్వు. చాలామంది దీని జోలికే పోరు. పిస్టన్ రింగులను దాటుకుని కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే దారిలో ఈ చిన్న వాల్వు ఉంటుంది. అది మసిపట్టి మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ నూనెను బయటికి నెడుతుంది. అప్పుడు కొత్త ప్యాకింగ్ వేసినా నాలుగు రోజుల ముచ్చటే.

దీన్ని చూడటం నిమిషం పని. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క పెట్టండి. కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. కాగితం ఎగిరిపడుతూ గుప్పుగుప్పుమని పొగ వస్తుంటే పీసీవీ దారి మూసుకుపోయి ఉండాలి, లేదంటే రింగులు అరిగి ఉండాలి. మూత అతుక్కుపోయినట్టు ఉండి, తీయడానికి బలం పెట్టాల్సి వస్తే, ఈలలాంటి చప్పుడు కూడా వస్తే వాల్వు తెరుచుకునే ఉండిపోయిందనో, దాని డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగిందనో అనుమానించాలి. మూత తీసినప్పుడు ఐడిల్ కొంచెం తడబడటం చాలా ఇంజిన్లలో మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. విడిగా ఊడివచ్చే వాల్వు అయితే బయటికి తీసి ఊపండి. సాధారణంగా లోపల టకటకమని ఆడాలి. ఆడకపోతే ప్యాకింగ్‌తోపాటు అదీ మార్చేయండి.

లీకు నిజంగా అక్కడిదేనా?

నూనె కిందికి కారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. అందుకే బండి కిందికి దూరి చూసినవాళ్లకు చుక్క వేలాడే చోటే లీకు ఉందనిపిస్తుంది. హెడ్ వెనక మూల నుంచి దిగిన నూనె బ్లాకు వెంబడే జారి, గేర్‌బాక్సు కలిసే చోట చుక్కకడుతుంది. నా పాత బండిని ఒక షెడ్డులో చూపిస్తే వెనక సీలు పోయింది, గేర్‌బాక్సు దించాల్సిందే అన్నారు. ఇంటికి తెచ్చి కవర్ వెనక అంచు కింద వేలు పెట్టి చూస్తే వేలంతా నూనె. చివరికి గేర్‌బాక్సు దించకుండానే చుక్క ఆగింది. కాబట్టి వెతకాల్సింది తడి ఎక్కువగా ఉన్న చోటును కాదు, తడి మొదలైన చోటును. అన్నిటికన్నా పైన ఎక్కడ తడిగా ఉందో అదే లెక్క.

ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ కొట్టి పాత జిడ్డంతా కడిగేయండి. ఆల్టర్నేటర్‌ను, ప్లగ్‌లకు కరెంటు పంపే కాయిళ్లను, వైర్లను కలిపే కప్లర్లను ప్లాస్టిక్ కవర్‌తో కప్పండి. ఆరాక ఓ 50 కిలోమీటర్లు నడిపి, టార్చి వేసి చూడండి. వెనక వైపు తల దూరదు కాబట్టి ఫోను వీడియో పెట్టి చెయ్యి చాపితే సరిపోతుంది. అప్పటికీ తేలకపోతే నూనెలో కలిపే యూవీ రంగు దొరుకుతుంది. అది కలిపి కొన్నాళ్లు నడిపాక యూవీ లైటు వేస్తే నూనె ఊరిన దారి మెరుస్తుంది.

కవర్ చుట్టుపక్కలే ఉండి అచ్చం ఇలాగే మోసం చేసేవి మరికొన్ని ఉన్నాయి: ఆయిల్ మూత కింది రబ్బరు, క్యామ్ సెన్సార్ ఓ-రింగు, వాల్వుల టైమింగ్‌ను మార్చే వీవీటీ సోలెనాయిడ్ సీలు, క్యామ్‌షాఫ్ట్ చివరి సీలు. ఒక ఓ-రింగుతో పోయేదానికి కవరంతా విప్పుకోవడం దండగ.

స్పార్క్ ప్లగ్ గుంతలు కూడా చూడాలి. ఒక్కో కాయిలూ లాగి, దాని రబ్బరు బూటు మీద నూనె ఉందేమో చూడండి. ఉంటే ప్లగ్ గొట్టం చుట్టూ ఉండే సీలు పోయినట్టే. బయట చుక్క కనపడదు గానీ నూనె గుంతలో నిలుస్తుంది, రబ్బరు బూటు ఉబ్బి చీలుతుంది, కరెంటు ప్లగ్‌కు అందకుండా పక్కదారి పడుతుంది. దాంతో మిస్సింగ్, అంటే ఆ సిలిండర్ సరిగా మండక ఇంజిన్ తడబడటం, మొదలవుతుంది. స్కానర్ పెడితే పీ0301, పీ0302 లాంటి కోడ్ వస్తుంది, చివరి అంకె సిలిండర్ నంబరు. కాయిల్ మార్చినా మిస్సింగ్ పోలేదనేవాళ్లలో ఈ గుంత చూడనివాళ్లే ఎక్కువ.

కొంచెం చెమర్చడం వేరు, కారడం వేరు. అంచు వెంట తడిగా ఉందంతే అయితే ఆయిల్ లెవెల్ చూసుకుంటూ వీలు చూసుకుని చేయవచ్చు. నూనె ఎగ్జాస్ట్ మీద పడి పొగ లేస్తుంటే మాత్రం బండి ఆపేయండి. అది అంటుకునే ప్రమాదం.

సామాను

ప్యాకింగ్‌ను కారు మోడల్ పేరు చెప్పి కాకుండా ఇంజిన్ కోడ్, ఛాసిస్ నంబరు చెప్పి కొనండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ఇంజిన్లు ఉండటం మామూలు. విడి ప్యాకింగ్ ఒక్కటే కాదు, సెట్టు అడగండి. అందులో చుట్టూ వచ్చే ప్యాకింగ్, ప్లగ్ గొట్టాల సీళ్లు, బోల్టుల కింది రబ్బరు వాషర్లు ఉంటాయి. ఆ వాషర్లు గట్టిపడితే బోల్టు తల దగ్గరే నూనె ఊరుతుంది. కొన్ని ఇంజిన్లలో పీసీవీ డయాఫ్రమ్, ప్లగ్ సీళ్లు ప్లాస్టిక్ కవర్‌లోనే కలిసి ఉంటాయి, విడిగా రావు. అలాంటప్పుడు కవర్ మొత్తం మార్చాల్సి రావచ్చు. ఈ సంగతి విప్పకముందే తెలుసుకోవాలి.

ఇవి కాక ఆక్సిజన్ సెన్సార్‌కు హాని చేయని ఆర్‌టీవీ సిలికాన్ (మామూలు గాలిలోనే గట్టిపడే రకం) ట్యూబు ఒకటి, క్లోరిన్ లేని బ్రేక్ క్లీనర్ ఒకటి. క్లోరిన్ కలిసిన రకం వేడి లోహం మీద పడితే విషవాయువు పుట్టవచ్చు. ఏ రకమైనా వేడి ఇంజిన్ మీద కొట్టకండి.

పనిముట్లలో ముఖ్యమైనవి పావు అంగుళం రాచెట్, 10 నంబరు సాకెట్, పొట్టివి పొడుగువి రెండు ఎక్స్‌టెన్షన్లు. కొన్ని కార్లకు 8 నంబరో, నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్టో పడుతుంది. వీటితోపాటు ప్లాస్టిక్ గీకుడు పలక, కొక్కెం లాంటి సన్నటి పిక్, పోగులు ఊడని గుడ్డలు, సాగే పిడి ఉన్న అయస్కాంతం కావాలి. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగులు నూనె దారుల్లో చేరతాయి. టార్క్ రెంచ్ మాత్రం 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య కొలిచే చిన్నది ఉండాలి. చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచ్ ఇంత తక్కువ బిగింపును సరిగ్గా పట్టుకోలేదు. టక్కుమనే లోపే బోల్టు తెగుతుంది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి, రాత్రంతా నిలిపి ఉంచితే ఇంకా మంచిది. బ్యాటరీ నెగటివ్ తీయండి. చొక్కా జేబులో ఉన్న పెన్నూ, చిల్లరా బయట పెట్టండి. నవ్వులాటకు చెప్పడం లేదు, వంగి చూసేటప్పుడు అవి జారేది సరిగ్గా తెరిచిన ఇంజిన్‌లోకే.

ఏదీ విప్పకముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. కవర్ చుట్టూ ఉన్న దుమ్మును, ఇసుకను బ్రష్‌తోనో గాలితోనో తోసేయండి. కవర్ లేచాక అది లోపలికే రాలుతుంది.

అలంకారపు ప్లాస్టిక్ మూత, అడ్డంగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీయండి. ఇన్‌టేక్ నోరు తెరిచి ఉంటే గుడ్డ చుట్టి మూయండి. తర్వాత కాయిళ్లు. వేడికి కప్లర్ నాలుకలు పెళుసెక్కి ఉంటాయి. లాగకండి, ముందు కప్లర్‌ను లోపలికి కొంచెం నెట్టి, నాలుక నొక్కి, అప్పుడు వెనక్కి తీయండి. కాయిల్ బోల్టు విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పితే రబ్బరు వదులుతుంది, నిటారుగా పైకి లాగండి. ఒక్కోదానికీ టేపు అంటించి సిలిండర్ నంబరు వేయండి. ప్లగ్ వైర్లున్న పాత ఇంజిన్లలో ఇది మరీ ముఖ్యం, ఒక్క వైరు తారుమారైనా ఇంజిన్ సరిగా నడవదు.

ప్లగ్ గుంతల్లో నూనె నిలిచి ఉంటే సిరంజికి సన్నటి గొట్టం తగిలించి పీల్చేయండి, మిగిలింది గుడ్డతో అద్దండి. ప్లగ్‌లు మాత్రం ఇప్పుడే విప్పకండి. అవి బిగించి ఉన్నంతవరకు సిలిండర్‌లోకి ఏదీ పడదు.

పీసీవీ గొట్టం, బ్రీతర్ గొట్టం, కవర్‌కు క్లిప్పులతో తగిలించిన వైరింగ్, ఉంటే ఎర్త్ వైరు, చిన్న బ్రాకెట్లు ఒక్కోటీ తప్పించండి. గొట్టాలు బిగుసుకుపోయి ఉంటే లాగితే చిరుగుతాయి, ముందు మెలితిప్పి వదులు చేయాలి. పగుళ్లు కనిపిస్తే వాటినీ మార్చేయడమే.

ఇక కవర్ బోల్టులు. బయటి చివర్ల నుంచి మొదలుపెట్టి మధ్యలోకి వస్తూ ముందు ఒక్కోటి అర చుట్టు వదులు చేయండి, తర్వాత పూర్తిగా తీయండి. పొడవులు తేడాగా ఉండవచ్చు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. వెనక మూలలో, వైరింగ్ కింద దాక్కున్న బోల్టు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కవర్ రావట్లేదంటే ముందు దాన్ని వెతకండి.

బోల్టులన్నీ వచ్చినా కదలకపోతే మూలల దగ్గర రబ్బరు సుత్తితోనో, చెక్క అడ్డుపెట్టి మామూలు సుత్తితోనో మెల్లగా తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపకండి. అల్యూమినియం మీద పడే ఆ గాటే రేపటి లీకు. కదిలాక కవర్‌ను నిటారుగా ఎత్తండి. వెంటనే తెరిచిన భాగం మీద శుభ్రమైన గుడ్డ కప్పండి.

కప్పేముందు లోపల ఒక చూపు చూడండి, ఈ అవకాశం రోజూ రాదు. లోహం మీద తేనె రంగు పూత ఉంటే మామూలే. నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంటే ఆయిల్ ఆలస్యంగా మారుస్తూ వచ్చారన్నమాట. క్యామ్ లోబులు అద్దంలా నున్నగా ఉండాలి, గీతలు, గుంటలు ఉండకూడదు. కవర్ లోపల పాల మీగడ లాంటి నురగ ఉంటే నీరు చేరుతోందని అర్థం. రోజూ అతి తక్కువ దూరం తిరిగే బండిలో, ఇంజిన్ సరిగా వేడెక్కక, తేమ వల్ల కొంచెం ఉండవచ్చు. కూలెంట్ కూడా తగ్గుతోందంటే మాత్రం సమస్య ఈ ప్యాకింగ్‌తో తీరేది కాదు. కొన్ని ఇంజిన్లలో వాల్వు క్లియరెన్సును, అంటే క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన సందును, ఫీలర్ గేజ్ అనే పల్చటి కొలత రేకులతో చూసుకోవాలి, కవర్ ఎలాగూ తీశారు కాబట్టి ఇప్పుడే చూసేయండి.

తుడవడం: అసలు పని ఇదే

పాత ప్యాకింగ్‌ను కవర్ గాడిలోంచి పిక్‌తో లేపి లాగండి. ముక్కలుగా విరిగితే ప్రతి ముక్కా వచ్చిందో లేదో లెక్క చూడండి. గాడి అడుగున నల్లగా అంటుకున్న పొరను ప్లాస్టిక్ పలకతో గీకి, బ్రేక్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. కవర్ బయటికి తీసి ఉంది కాబట్టి దాన్ని నేరుగా కడుక్కోవచ్చు. అయితే ప్లాస్టిక్ కవర్‌కు సబ్బునీళ్లు మేలు. పీసీవీ అందులోనే ఉంటే నీళ్లలో ముంచకండి. ఎలా కడిగినా పూర్తిగా ఆరాకే బిగించాలి.

హెడ్ వైపు మాత్రం స్ప్రే కొట్టకూడదు, మురికి లోపలికి కొట్టుకుపోతుంది. గుడ్డను తడిపి తుడవాలి. గరుకు కాగితం, వైరు బ్రష్, డ్రిల్లుకు తగిలించే రుద్దుడు చక్రాలు దగ్గరికి రానీయవద్దు. వాటి రజను నూనెలో కలిస్తే బేరింగులను తినేస్తుంది.

ఎక్కువసేపు కూర్చోవాల్సిన చోటు మూలలు. టైమింగ్ కవర్, హెడ్ కలిసే గీత దగ్గర, క్యామ్ చివర బేరింగ్ క్యాపు హెడ్‌తో కలిసే దగ్గర కంపెనీ వాళ్లు పెట్టిన సిలికాన్ ఉంటుంది. అది రంగులో లోహంతో కలిసిపోయి కంటికి ఆనదు. గోటితో రాయండి, ఎత్తుగా తగిలిందంటే ఇంకా ఉన్నట్టే. పీకిన ముక్క లోపలికి పడకుండా ఆ పక్కనే గుడ్డ కుక్కి ఉంచండి. నా మొదటి ప్యాకింగ్ కారింది ఇక్కడే. చివరగా శుభ్రమైన తెల్లగుడ్డతో అంచంతా ఒక చుట్టు తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడుస్తూనే ఉండండి.

కవర్‌ను చదునైన గాజు పలక మీద బోర్లించి, నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగినా, ఒకచోట వెలుతురు బాగా కనిపించినా వంగినట్టే. వంగిన రేకు కవర్‌లో బోల్టు రంధ్రాల గుంటలను వెనక నుంచి చెక్క మీద పెట్టి తట్టి సరిచేయవచ్చు. వంగిన ప్లాస్టిక్ కవర్‌ను మాత్రం మార్చాల్సిందే.

కూర్చడం

ప్లగ్ గొట్టాల సీళ్లు కవర్‌లోకి నొక్కి పెట్టే రకమైతే, తీసేముందే ఏ ముఖం ఎటు ఉందో, ఎంత లోతులో ఉందో ఫొటో తీసి పెట్టుకోండి. పాతవి తీసేటప్పుడు వాటి చుట్టూ ఉన్న గోడకు గాటు పడకూడదు. కొత్తదాన్ని సీలు అంచుకు సరిపోయే సాకెట్ పెట్టి, అన్ని వైపులా సమానంగా దిగేలా తట్టండి. కొన్ని కార్లలో సీళ్లను పట్టి ఉంచే చిన్న లోహపు నాలుకలు వంచి ఉంటాయి, వాటిని జాగ్రత్తగా విప్పి మళ్లీ వంచాలి. సీలు లోపలి పెదవికి కొద్దిగా కొత్త ఇంజిన్ ఆయిల్ రాస్తే గొట్టం మీదికి మడతపడకుండా దిగుతుంది.

చుట్టూ వచ్చే ప్యాకింగ్‌ను కవర్ గాడిలో పొడిగానే కూర్చండి. ముందు మూలలు, తర్వాత మధ్య భాగాలు. ఒక చివర నుంచి లాగుతూ వస్తే సాగి, ఆఖరున మిగిలిపోతుంది. పూర్తయ్యాక కవర్‌ను తలకిందులు చేసి చూస్తే ప్యాకింగ్ ఊడి పడకూడదు. ఎక్కడైనా జారుతుంటే ఆ ఒక్కచోట గాడిలో ఆవగింజంత సిలికాన్ పెట్టి నిలపండి. ప్యాకింగ్ అంతటికీ సిలికాన్ పూస్తే ఇంకా గట్టిగా ఆగుతుందనుకుంటారు. నిజానికి ప్యాకింగ్ దాని మీద జారి బయటికి వస్తుంది, లోపలికి పిండుకుపోయిన సిలికాన్ తెగిపడి ఆయిల్ జల్లెడ దగ్గర చేరుతుంది.

సిలికాన్ కావాల్సింది ఇందాక చెప్పిన మూలల్లోనే. రెండు లోహాలు కలిసే గీత మీద పెసరగింజంత చుక్క చాలు. ఆ చోటు నూనె లేకుండా ఆరి ఉండాలి. సిలికాన్ పెట్టాక కబుర్లు చెప్పకూడదు. పైపొర గట్టిపడేలోపు, అంటే ఐదు నిమిషాల్లో, కవర్ పెట్టి బోల్టులు పట్టించేయాలి. అందుకే కవర్‌ను, బోల్టులను, సాకెట్‌ను ముందే చేతికందేలా పెట్టుకోండి. లోపల కుక్కిన గుడ్డలన్నీ తీశారో లేదో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

కవర్‌ను నిటారుగా దించండి. ఒకసారి తగిలాక అటూ ఇటూ జరపకండి, మూలల్లోని సిలికాన్ చెదురుతుంది. చుట్టూ వేలితో తడిమి, ప్యాకింగ్ ఎక్కడా బయటికి పొడుచుకు రాలేదని, ఏ వైరూ కింద నలగలేదని చూసుకోండి.

బోల్టుల దగ్గర చెయ్యి అదుపు

అన్ని బోల్టులూ ముందు చేత్తోనే పట్టించండి. చేత్తో నాలుగు చుట్లు తిరగని బోల్టు మరల మీద వంకరగా ఎక్కిందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పట్టించండి. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా మారుతూ, రెండు మూడు విడతల్లో బిగించండి. మొదటి విడతలో ప్యాకింగ్ కూర్చుంటే చాలు, రెండో విడతలో సగం బిగింపు, చివరి విడతలో పూర్తి బిగింపు.

చాలా కార్లలో ఇవి ఎం6 బోల్టులు, బిగింపు 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ ఇంజిన్‌కు ఎంతో, ఏ వరుసలో బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసి అదే పాటించండి. 10 న్యూటన్ మీటర్లంటే 10 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 10 కిలోల బరువు పెట్టినంత. మూడు వేళ్లతో వచ్చే బలమే ఇది. భుజం కదిలిందంటే ఎక్కువైనట్టే. చాలా బోల్టులకు మెడ దగ్గర లోహపు మెట్టు ఉంటుంది. అది హెడ్‌కు ఆనగానే బోల్టు ఠక్కున ఆగుతుంది, రబ్బరు ఎంత నలగాలో ఆ మెట్టే నిర్ణయిస్తుంది. ఆగాక ఇంకా తిప్పితే నలిగేది ప్యాకింగ్ కాదు, తెగేది బోల్టు.

రెండోసారి ఈ పని చేసినప్పుడు నేను అదే చేశాను. మొదటిసారి కారిందన్న కసితో చివరి బోల్టుకు ఇంకో పావు చుట్టు వేశాను. చేతికి మెత్తగా అనిపించింది, మరుక్షణం తల ఊడి సాకెట్‌లోకి వచ్చింది. మీకూ అలా జరిగితే కంగారుపడకండి. కవర్ తీశాక బోల్టు మొండెం హెడ్ పైకి కొంత నిలిచి ఉంటే, పట్టుకారు లాంటి లాకింగ్ ప్లయర్‌తో పట్టి మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది, తల పోయాక దాని మీద లాగుడు ఉండదు కదా. లోపలే తెగితే డ్రిల్లు వేసి తీయాలి. రజను ఇంజిన్‌లో పడే పని అది, చేయి తిరిగినవాళ్లకు వదిలేయండి. అల్యూమినియంలో మర పోయి బోల్టు ఊరికే తిరుగుతుంటే, ఆ రంధ్రంలో హెలీకాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేయించుకుంటే మళ్లీ గట్టిగా పడుతుంది.

కవర్ బిగిశాక ప్లగ్‌లు మార్చాలనుంటే ఇప్పుడు మార్చండి. నూనెతో ఉబ్బిన కాయిల్ బూట్లు ఉంటే వాటినీ మార్చండి, తుడిచినా ఆ రబ్బరు తేరుకోదు. తర్వాత గొట్టాలు, వైరింగ్, కాయిళ్లు, ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఫొటోలు చూస్తూ తిరిగి బిగించండి. కప్లర్లు టిక్కుమని పడాలి.

స్టార్ట్ చేసేముందు, చేశాక

సిలికాన్ ట్యూబు మీద ఎంతసేపు ఆగాలో రాసి ఉంటుంది, రకాన్ని బట్టి గంట నుంచి పూర్తి రోజు దాకా ఉండవచ్చు. నేనైతే సాయంత్రం పని ముగించి పొద్దున స్టార్ట్ చేస్తాను. బ్యాటరీ తగిలించి, డిప్‌స్టిక్ చూసి, తగ్గిన నూనె పోయండి.

ఐడిల్‌లో పది నిమిషాలు వదిలి టార్చితో చుట్టూ చూడండి. ఎగ్జాస్ట్ మీద మిగిలిన పాత నూనె కాలి మొదట్లో కొంచెం పొగ, వాసన వస్తాయి, ఒకటి రెండు ప్రయాణాలకు పోతాయి. సుయ్యిమని ఈల వినిపిస్తే, ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే ఏదో గొట్టం సరిగా పెట్టలేదు. మిస్సింగ్ ఉంటే కాయిల్ కప్లర్ ఒకటి వదులుగా ఉందేమో చూడండి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లారనిచ్చి అంచంతా మళ్లీ వేలితో తడమండి. తడి లేకపోతే బోల్టుల జోలికి వెళ్లకండి. మెట్టు ఉన్న బోల్టులకు మళ్లీ బిగింపు అక్కర్లేదు.

ఒకవేళ మళ్లీ తడి కనపడితే ఎక్కడ కనపడిందో దాన్నిబట్టి కారణం చెప్పవచ్చు. టైమింగ్ కవర్ మూలలో అయితే సిలికాన్ చుక్క చాల్లేదు, లేదా అక్కడ పాతది మిగిలింది. ఏదో ఒక పక్క పొడవునా ఉంటే ప్యాకింగ్ గాడిలోంచి జారి నలిగింది. బోల్టు తలల చుట్టూ అయితే వాషర్లు. అన్ని వైపులా ఒకేలా చెమర్చుతుంటే మళ్లీ పీసీవీ దగ్గరికే వెళ్లాలి.

వీ ఆకారపు ఇంజిన్ల గురించి ఒక మాట మిగిలింది. వాటికి కవర్లు రెండు. ఇంజిన్ అడ్డంగా ఉన్న కార్లలో మనం కూర్చునే క్యాబిన్ వైపు గోడకు ఆనుకున్న వెనక కవర్ తీయాలంటే చాలాసార్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైభాగం ఊడదీయాలి. దానికి వేరే గాస్కెట్లు కావాలి, తెరుచుకున్న ఇన్‌టేక్ రంధ్రాలన్నిటికీ టేపు వేసి మూయాలి, పని పూటంతా పడుతుంది. ముందు కవర్ ఒక్కటే కారుతున్నా, వెనకది కూడా అంతే వయసుది. మానిఫోల్డ్ ఏ కారణంతో ఊడదీసినా రెండో ప్యాకింగ్ కూడా తెచ్చి పెట్టుకుని అప్పుడే మార్చేయండి.